పాత హైబ్రిడ్ కార్ స్టార్ట్ అవ్వట్లేదా? బ్యాటరీ ప్యాక్ మార్చే ముందు మీ ఫోన్ తో ఇవి చెక్ చేయండి

పాత హైబ్రిడ్ కార్ ఒకరోజు పొద్దున్నే స్టార్ట్ అవ్వలేదంటే చాలామంది నోట మొదట వచ్చే మాట "బ్యాటరీ పోయింది". మాట తప్పని కాదు. కానీ ఏ బ్యాటరీ? హైబ్రిడ్ లో రెండు ఉంటాయి. ఒకటి వెనక సీటు వెనకాల ఉండే పెద్ద హై వోల్టేజ్ ప్యాక్. అది మార్చాలంటే అమెరికాలో వేల డాలర్లు, మన దగ్గరైతే లక్షల్లో మాట. రెండోది మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ లాంటిదే. కార్ "చచ్చిపోయింది" అని మనం అనుకునే సందర్భాల్లో ముందు అనుమానించాల్సింది ఈ చిన్నదాన్నే. అది తేల్చుకోవడానికి ఒక మల్టీమీటర్, ఒక ఓబీడీ-2 బ్లూటూత్ అడాప్టర్, మీ జేబులో ఉన్న స్మార్ట్ ఫోన్ చాలు. గ్యాడ్జెట్ల సైట్ లో కార్ గురించి ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు అర్థమైంది కదా!

ఉదాహరణకి నేను తీసుకుంటున్న కార్ టొయోటా ప్రియస్ రెండో తరం, అంటే 2004 నుంచి 2009 మోడళ్ళు. ఇండియాకి 2010లో అధికారికంగా వచ్చింది దాని తర్వాతి తరం. రెండో తరం మాత్రం అమెరికాలో చదువుకునే మన పిల్లలకి బాగా పరిచయం. మైలేజ్ బాగుంటుంది, సెకండ్ హ్యాండ్ లో దొరుకుతుంది, అందుకని కొంటారు. ఇక్కడ చెప్పే లాజిక్ కామ్రీ హైబ్రిడ్ కి, ఇప్పటి ఇన్నోవా హైక్రాస్ కి కూడా చాలావరకు పనికొస్తుంది. బటన్లు, కొలతలు మాత్రం మారతాయి.

అసలు ఈ కార్ ఎలా స్టార్ట్ అవుతుంది?

ఇది తెలియకుండా చెక్ చేయడం మొదలుపెడితే చీకట్లో వెతుకులాటే. మామూలు కార్లో తాళం తిప్పితే 12 వోల్టుల బ్యాటరీ స్టార్టర్ మోటార్ ని తిప్పుతుంది, మోటార్ ఇంజన్ ని తిప్పుతుంది. ప్రియస్ లో ఆ స్టార్టర్ మోటార్ లేనే లేదు. ఆల్టర్నేటర్ కూడా లేదు. ఇంజన్ ని తిప్పేది ట్రాన్స్ మిషన్ లోపల ఉండే ఎంజీ1 అనే పెద్ద మోటార్. దానికి కరెంట్ ఇచ్చేది హై వోల్టేజ్ ప్యాక్. 7.2 వోల్టుల మాడ్యూళ్ళు 28 వరసగా కలిపితే 201.6 వోల్టులు, అదీ ఈ ప్యాక్ లెక్క.

అయితే ఆ ప్యాక్ మామూలప్పుడు మిగతా కార్ తో కలిసి ఉండదు. రిలేలు దాన్ని విడదీసి ఉంచుతాయి. మీరు బ్రేక్ తొక్కి పవర్ బటన్ నొక్కగానే కార్ ముందు కీని గుర్తుపడుతుంది. తర్వాత ఈసీయూలు, అంటే లోపలి చిన్న కంప్యూటర్లు, నిద్ర లేచి అంతా బాగుందో లేదో చూసుకుంటాయి. బాగుంటే రిలేలు మూసుకుని హై వోల్టేజ్ ఇన్వర్టర్ కి చేరుతుంది. వెనక నుంచి "టక్ టక్" అని వినిపించేది ఆ రిలేల చప్పుడే. అప్పుడు డాష్ బోర్డ్ మీద రెడీ అనే లైట్ వెలుగుతుంది. ఇంజన్ తిరగడం ఆ తర్వాతి సంగతి.

ఇందులో కంప్యూటర్లు నిద్ర లేవడానికీ, రిలేలు మూసుకోవడానికీ కావాల్సిన కరెంట్ వచ్చేది ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచే. అది నీరసించిందంటే వెనక ప్యాక్ నిండుగా ఉన్నా ఉపయోగం లేదు. తాళంచెవి పోగొట్టుకుని బీరువా ముందు నిలబడ్డట్టే. కాబట్టి మనం చేయాల్సింది ఒక్కటే: ఈ గొలుసు ఎక్కడ తెగిందో పట్టుకోవడం.

నిజంగానే స్టార్ట్ అవ్వలేదా?

నవ్వకండి, ఈ ప్రశ్న అవసరం. కొత్తగా సెకండ్ హ్యాండ్ ప్రియస్ కొన్నవాళ్ళు ఇంజన్ చప్పుడు కోసం ఎదురుచూస్తారు. రెడీ లైట్ వెలిగి ఉంటే కార్ స్టార్ట్ అయినట్టే, చప్పుడు లేకపోయినా సరే. అనుమానం ఉంటే గేర్ పార్క్ లోనే ఉంచి యాక్సిలరేటర్ కొంచెం తొక్కండి, ఇంజన్ లేస్తుంది.

ఇంకో మాయ ఉంది. ఈ తరం ప్రియస్ లో స్పీడ్, గేర్, రెడీ లైట్ అన్నీ చూపించే మీటర్ బోర్డే ఒక్కోసారి ఆరిపోతుంది. దాని సర్క్యూట్ బోర్డ్ మీద ఒక కెపాసిటర్ బలహీనపడటం దీనికి పేరుపడ్డ కారణం. నడిమధ్య టచ్ స్క్రీన్ మామూలుగా వెలుగుతూ, ఏసీ పనిచేస్తూ, స్టీరింగ్ ముందున్న అంకెలు మాత్రం నల్లగా ఉంటే అనుమానం దీని మీద పెట్టండి. పాత టీవీలకి, మానిటర్లకి వచ్చే జబ్బే ఇది. ఎలక్ట్రానిక్స్ రిపేర్ చేసే చెయ్యి తిరిగినవాళ్ళు బోర్డ్ బయటికి తీసి కెపాసిటర్ మార్చేస్తారు. దీనికి బ్యాటరీ ప్యాక్ తో ఏ సంబంధమూ లేదు.

చిన్న బ్యాటరీ సంగతి ముందు తేల్చండి

మా పిన్ని కొడుకు డల్లాస్ దగ్గర ఎమ్మెస్ చేస్తున్నాడు. వాడి 2008 ప్రియస్ ఒక శనివారం మొరాయించింది. దగ్గర్లోని ఒక గ్యారేజ్ కి ఫోన్ చేస్తే మోడల్, సంవత్సరం వినగానే "హైబ్రిడ్ బ్యాటరీ అయిపోయి ఉంటుంది, 2,400 డాలర్లు అవుతుంది, టో చేసి తీసుకురా" అన్నారట. కార్ ని కళ్ళతో చూడకుండానే! వాడి పార్ట్ టైమ్ జీతం లెక్కలో అది నెలల సంపాదన. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పగలు పదకొండు. వీడియో కాల్ చేసి "అన్నా, టో ట్రక్ ని పిలిచెయ్యమంటావా?" అన్నాడు.

"ఆగరా, ముందు డ్రైవర్ డోర్ తీసి మూయి, ఏమైనా వినిపిస్తుందేమో చెప్పు" అన్నాను. ఈ కార్లో డ్రైవర్ డోర్ తీయగానే బ్రేక్ పంప్ కొన్ని సెకన్లు "జుంయ్" మని తిరగాలి. వాడికి ఏమీ వినపడలేదు. లోపలి లైట్ దీపం వత్తిలా మినుకుమంటోంది. పవర్ బటన్ నొక్కితే డాష్ మీద లైట్లన్నీ ఒకేసారి వచ్చి, మసకబారి, లోపలెక్కడో టకటకమని కొట్టుకుంటున్నాయి. ఇవన్నీ చిన్న బ్యాటరీ లక్షణాలే. పెద్ద ప్యాక్ బలహీనపడితే దాని తీరు వేరు. అది చాలావరకు ముందే చెబుతుంది: నడుస్తుండగా ఎర్ర త్రికోణం వస్తుంది, వెనక సీటు పక్కన ఫ్యాన్ గట్టిగా అరుస్తుంది, స్క్రీన్ మీద బ్యాటరీ గీతలు ఆకుపచ్చ నుంచి ఊదా రంగుకి నిమిషాల్లో పడిపోయి మళ్ళీ అంతే వేగంగా లేస్తాయి, మైలేజ్ తగ్గుతుంది. నిన్న సాయంత్రం శుభ్రంగా నడిచి ఈ పొద్దున లైట్లు మసకబారాయంటే నా ఓటు ఎప్పుడూ 12 వోల్టులకే.

ఓటు వేస్తే సరిపోదు, కొలవాలి. ఈ బ్యాటరీ బానెట్ కింద ఉండదు. డిక్కీలో కుడివైపు మూలన ఉంటుంది. ఇక్కడే తమాషా: ఆ డిక్కీ తెరుచుకునేది కరెంట్ తో. బ్యాటరీ పోతే బ్యాటరీ ఉన్న గదే తెరుచుకోదు! అందుకే టొయోటా బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ లో ఎర్ర మూత కింద ఒక జంప్ టెర్మినల్ పెట్టింది. డోర్ కూడా తెరుచుకోకపోతే రిమోట్ లోపల దాగి ఉండే చిన్న లోహపు తాళంచెవి వాడండి. మల్టీమీటర్ ఎర్ర వైర్ ని జంప్ టెర్మినల్ కి, నల్ల వైర్ ని రంగు లేని ఇంజన్ లోహానికి తాకించండి. కార్ ఆఫ్ లో ఉండి, కాసేపు కదలకుండా ఉన్నప్పుడు 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8, ఆ కిందైతే ఖాళీ కిందే లెక్క. మావాడికి 10.3 వచ్చింది. బ్రేక్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కి ఇగ్నిషన్ ఆన్ చేస్తే 9 కిందికి జారింది.

మల్టీమీటర్ లేదా? కార్ కొంచెమైనా ప్రాణంతో ఉంటే దాని స్క్రీనే చెబుతుంది. ఇగ్నిషన్ ఆన్ లో పెట్టి, స్క్రీన్ పక్కనున్న ఇన్ఫో బటన్ ని నొక్కి పట్టుకుని, పార్కింగ్ లైట్లు మూడుసార్లు వేసి ఆర్పండి. ఒక రహస్య మెనూ వస్తుంది. అందులో మెనూ, డిస్ ప్లే చెక్, వెహికల్ సిగ్నల్ చెక్ వరసగా నొక్కితే బ్యాటరీ వోల్టేజ్ కనిపిస్తుంది. ఫోన్లలో స్టార్, హ్యాష్ కోడ్లు కొట్టి టెస్ట్ మెనూ తెరిచే అలవాటున్న మన రీడర్స్ కి ఇది తెగ నచ్చుతుంది.

తర్వాత జంప్ స్టార్ట్. స్టార్టర్ మోటార్ లేదు కాబట్టి ఈ కార్ కి వందల ఆంపియర్లు అక్కర్లేదు, కంప్యూటర్లు, రిలేలు లేచేంత ఇస్తే చాలు. అందుకే పవర్ బ్యాంక్ సైజులో దొరికే చిన్న జంప్ స్టార్టర్ కూడా ఇక్కడ పనిచేస్తుంది. ఎరుపు ఎర్ర మూత కింది టెర్మినల్ కి, నలుపు ఇంజన్ లోహానికి. ఒక్కటి మాత్రం బండ గుర్తు పెట్టుకోండి: ప్లస్, మైనస్ తారుమారు చేస్తే ఫ్యూజులతో పోతే అదృష్టం, ఇన్వర్టర్ లోపలి కన్వర్టర్ దాకా వెళ్తే నిజంగానే వేల ఖర్చు. క్లిప్ పెట్టే ముందు వీడియోలో రెండుసార్లు చూపించమన్నాను.

పెట్టాడు, బ్రేక్ తొక్కాడు, నొక్కాడు. వెనక నుంచి టక్ టక్ మని చప్పుడు, రెడీ లైట్. వాడి మొహం చూడాలి!

ఇక్కడితో ఆగిపోతే పని సగమే అయినట్టు. రెడీలో ఉండగా అదే టెర్మినల్ దగ్గర మళ్ళీ కొలిచాం, 13.9 వచ్చింది. అంటే పెద్ద ప్యాక్ నుంచి చిన్న బ్యాటరీని ఛార్జ్ చేసే డీసీ-డీసీ కన్వర్టర్ బాగుంది. రెడీలో ఉన్నా 12 దగ్గరే ఉండిపోతే కొత్త 12 వోల్టుల బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో కథ మొదటికొస్తుంది, తప్పు ఛార్జింగ్ వైపు ఉన్నట్టు. గంటసేపు రెడీలో ఉంచి ఆఫ్ చేయమన్నాను. మర్నాడు పొద్దున 11.5. ఛార్జ్ ఎక్కుతోంది కానీ నిలవట్లేదు. బ్యాటరీ పనైపోయింది, 12 వోల్టులదే.

కొత్తది కొనేటప్పుడు ఏ బ్యాటరీ పడితే అది వేయకండి. ఇది మనుషులు కూర్చునే క్యాబిన్ లో భాగంగా ఉంటుంది కాబట్టి ఏజీఎం రకమే వేయాలి, దాని గ్యాస్ బయటికి పోయే చిన్న గొట్టం తిరిగి తగిలించాలి.

కీ విషయం ఒక్క మాటలో చెప్పేస్తా. రిమోట్ లో సెల్ అయిపోయినా కార్ కదలదు, కానీ అప్పుడు కీ కనపడలేదని గుర్తు వస్తుంది. రెండో తరంలో కీని డాష్ మీదున్న స్లాట్ లోకి తోసి నొక్కండి. మూడో తరంలో కీని పవర్ బటన్ కి ఆనించి పట్టుకోండి.

ఇప్పుడు ఫోన్ పని

12 వోల్టులు నిక్షేపంగా ఉన్నాయి, అయినా రెడీ రావట్లేదు. లేదా మావాడిలా రెడీ వచ్చింది, కానీ ఆ గ్యారేజ్ చెప్పిన మాట మనసులో ముల్లులా ఉంది. అప్పుడు ఓబీడీ-2 అడాప్టర్ తీయండి. స్టీరింగ్ కింద సాకెట్ ఉంటుంది. ఆండ్రాయిడ్ అయితే మామూలు బ్లూటూత్ ది సరిపోతుంది. ఐఫోన్ కైతే బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై రకం కావాలి, లేకపోతే కనెక్టే అవ్వదు. మరీ చవక నకిలీ ఈఎల్ఎం327లతో జాగ్రత్త. కనెక్ట్ అయినట్టే ఉంటాయి, హైబ్రిడ్ డేటా అడిగితే నోరు మెదపవు. యాప్ గా డాక్టర్ ప్రియస్ నా మొదటి ఎంపిక, ఆండ్రాయిడ్ లో హైబ్రిడ్ అసిస్టెంట్ కూడా బాగుంటుంది.

చిన్న బ్యాటరీ నీరసించినప్పుడు కంప్యూటర్లు కంగారుపడి రకరకాల కోడ్లు రాసేస్తాయి. కాబట్టి పద్ధతి ఇది: ముందు ఉన్నవన్నీ స్క్రీన్ షాట్ తీసి దాచుకోండి, 12 వోల్టులు సరిచేయండి, కోడ్లు తుడిచేయండి, రెండు మూడు రోజులు నడపండి. మళ్ళీ వచ్చినవే నిజమైనవి. మావాడికి వచ్చింది సీ1241, అంటే బ్రేక్ సిస్టమ్ కి తక్కువ వోల్టేజ్ అందిందని. తుడిచాక మళ్ళీ రాలేదు.

పెద్ద ప్యాక్ కి నిజంగా జబ్బు చేస్తే కనపడేది పీ0ఏ80, అంటే ప్యాక్ మార్చమని. దానితోపాటు పీ3011 నుంచి పీ3024 వరకు ఏదో ఒకటి ఉంటే ఏ బ్లాక్ బలహీనమో కూడా తెలుస్తుంది. ప్యాక్ లోని 28 మాడ్యూళ్ళని కంప్యూటర్ రెండేసి చొప్పున 14 బ్లాకులుగా చూస్తుంది, ఈ 14 కోడ్లు వాటివే. పీ3000 ఒక్కటే కనిపిస్తే కంగారు పడకండి. బ్యాటరీ వైపు ఏదో ఉంది, అక్కడ వెతుకు అని మాత్రమే దాని అర్థం.

కోడ్ లేకపోయినా బ్లాకుల వోల్టేజ్ చూడటం మంచిది. యాప్ లో 14 నిలువు గీతలుగా కనిపిస్తాయి. కార్ ఆగి ఉన్నప్పుడు అన్నీ సమానంగానే ఉంటాయి, అది చూసి మోసపోవద్దు. లోడ్ పడ్డప్పుడు చూడాలి, ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు ఫోన్ పట్టుకోవాలి. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక బ్లాక్ మిగతావాటికంటే ఒక వోల్టుకి మించి కిందికి దిగిపోతుంటే అందులో ఒక సెల్ చచ్చిందని గట్టి అనుమానం. ఎందుకంటే ఈ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ ఒక్కోటి 1.2 వోల్టులు. మావాడి కార్లో ఎక్కువ తక్కువల మధ్య తేడా 0.3 దాటలేదు. అంత పాత ప్యాక్ కలకాలం ఉంటుందని కాదు, కానీ ఆ రోజు కార్ కదలకపోవడానికి కారణం అది కాదు. ఈ స్క్రీన్ షాట్ చూపించి మాట్లాడితే ఏ గ్యారేజ్ అయినా లెక్క చెప్పాల్సిందే.

రెడీ వస్తుంది, ఇంజన్ మాత్రం అంటుకోదు

ఇది వేరే జబ్బు. ఎంజీ1 ఇంజన్ ని తిప్పుతుంది, కార్ వణుకుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. పీ0ఏ0ఎఫ్, పీ3190, పీ3191 లాంటి కోడ్లు వస్తాయి. పెట్రోల్ ముందు చూడండి. అమెరికాలో అమ్మిన రెండో తరం ప్రియస్ ట్యాంక్ లోపల సాగే సంచి ఉంటుంది, దాని వల్ల గేజ్ ని పూర్తిగా నమ్మలేం. నాలుగైదు లీటర్లు పోసి చూడటం చవకైన పరీక్ష. ఆ తర్వాత మసిపట్టిన థ్రాటిల్ బాడీ, ఎయిర్ ఫ్లో సెన్సర్ వరసలో ఉంటాయి.

ఇక్కడ ఒక పని మాత్రం చేయకండి: పదే పదే బటన్ నొక్కుతూ ప్రయత్నించడం. ప్రతిసారీ ఇంజన్ ని తిప్పేది పెద్ద ప్యాకే. అది మరీ దిగిపోతే ఇంజన్ తిప్పే శక్తి ఉండదు. ఇంజన్ తిరగకపోతే ప్యాక్ ఛార్జ్ అవ్వదు. బయటి నుంచి 12 వోల్టుల జంప్ ఇచ్చినా పెద్ద ప్యాక్ లోకి ఒక్క చుక్క ఎక్కదు, ఆ దారి ఒకవైపే. దానికి ప్రత్యేక ఛార్జర్ ఉన్నవాళ్ళే దిక్కు. రెండు మూడుసార్లు అందుకోలేదంటే ఆపేయండి. టో చేయాల్సి వస్తే కార్ మొత్తం ట్రక్ మీదికి ఎక్కించాలి. ముందు చక్రాలు రోడ్డు మీద దొర్లితే మోటార్లు కరెంట్ పుట్టిస్తాయి.

నారింజ రంగు దగ్గర మన పని ఆగిపోతుంది

బానెట్ కింద, కార్ అడుగున కనిపించే నారింజ రంగు కేబుళ్ళు హై వోల్టేజ్ వి. ఇన్వర్టర్ లోపల ఇది 500 వోల్టుల దాకా పెరుగుతుంది. వెనకున్న సర్వీస్ ప్లగ్ తీసేసినా కెపాసిటర్లలో కరెంట్ కాసేపు నిలిచే ఉంటుంది. యూట్యూబ్ చూసి ఇంట్లో ప్యాక్ విప్పేవాళ్ళు ఉన్నారు, నేను మాత్రం ఆ సలహా ఇవ్వను. హై వోల్టేజ్ గ్లవ్స్, శిక్షణ ఉన్నవాళ్ళ పని అది.

కానీ మెకానిక్ దగ్గరికి వెళ్ళేటప్పుడు తెలిసి ఉండాల్సినవి రెండున్నాయి. పీ0ఏఏ6 వస్తే హై వోల్టేజ్ ఎక్కడో కార్ బాడీకి లీక్ అవుతోందని అర్థం. ఒకసారి ఆఫ్ చేస్తే మళ్ళీ రెడీ రానివ్వకపోవచ్చు. ఈ కోడ్ చూసి వెంటనే "ప్యాక్ మార్చాలి" అంటే ఒప్పుకోకండి, దీని కింద ఒక ఉపకోడ్ ఉంటుంది. 611 అయితే ఏసీ కంప్రెసర్ వైపు, 612 అయితే బ్యాటరీ వైపు, 613 అయితే ట్రాన్స్ మిషన్ వైపు, 614 అయితే ఇన్వర్టర్, కేబుళ్ళ వైపు. అది చదవడానికి టొయోటా వారి టెక్ స్ట్రీమ్ సాఫ్ట్ వేర్ లాంటిది కావాలి, మామూలు యాప్ లో కనపడకపోవచ్చు. "ఉపకోడ్ ఎంత వచ్చింది?" అని అడగండి. రెండోది, ఎవరో బ్యాటరీ పని చేసి ఇచ్చిన వెంటనే రెడీ రావడం మానేసి పీ0ఏ0డీ కనిపిస్తే సర్వీస్ ప్లగ్ హ్యాండిల్ చివరి మెట్టు దాకా బిగించారా అని అడగండి. లోపలికి తోసి, తిప్పి, ఆ తర్వాత కూడా ఒక నొక్కు నొక్కాలి. ఆ ఆఖరి నొక్కు మర్చిపోతే ఇంటర్ లాక్ కలవదు, కార్ లేవదు.

పాత హోండా సివిక్ హైబ్రిడ్ ఉన్నవాళ్ళకి ఒక మాట. అందులో హైబ్రిడ్ మోటార్ కి తోడు మామూలు 12 వోల్టుల స్టార్టర్ కూడా ఉంటుంది. కాబట్టి పెద్ద ప్యాక్ పోయినా ఇంజన్ లేవగలదు, పైన చెప్పిన గొలుసు దానికి అచ్చంగా వర్తించదు.

చివరగా మన గ్యాడ్జెట్ ప్రియుల కోసం: చెక్ చేయడం అయిపోగానే ఆ ఓబీడీ అడాప్టర్ పీకేయండి. ఆ సాకెట్ కి కార్ ఆఫ్ లో ఉన్నా కరెంట్ వస్తూనే ఉంటుంది. పార్కింగ్ మోడ్ లో పెట్టిన డాష్ క్యామ్ కూడా అంతే. ప్రియస్ చిన్న బ్యాటరీ అసలే చిన్నది, వారం రోజులు కార్ తీయకపోతే ఈ రెండూ కలిసి దాన్ని పీల్చేస్తాయి. మావాడి కార్లో సీటు కింద వైర్ లాగి బిగించిన డాష్ క్యామ్ ఒకటుంది, పాత ఓనర్ వదిలేసింది. రెండు వారాలు సెలవులకి వెళ్ళొచ్చాడు, ఆ రెండు వారాలూ అది రికార్డ్ చేస్తూనే ఉంది.